నోరు తెరచిన ధైర్యము



అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయములో సభవారు పేతురు యోహానుల ధైర్యమును చూచి ఆశ్చర్యపడిరని చదువుచున్నాము. ఆ మాటకు గ్రీకు మూలములో పర్రేసియ అని యున్నది. ధైర్యమనగానే మనము పామును కొట్టువానిని, రాత్రివేళ ఒంటరిగా చేనికి నీరు పెట్టబోవువానిని తలంచుకొందుము. ఈ మాట భావము వేరు. 'అంతయు', 'పలుకుట' అను రెండు మాటలు కలిసి ఇది ఏర్పడినది. ఉన్నది ఉన్నట్లు దాచక పలుకుట అన్నమాట. ఏథెన్సు పట్టణపు పౌరుడు సభలో లేచి జంకు లేక మాటలాడుటను గ్రీకులు ఈ పేరుతో పిలిచిరి. దాసునకు ఆ హక్కు లేదు.

ఇప్పుడు ఆ సభను చూడుడి. అన్న, కయప, వారి బంధువులు ఒక ప్రక్క. వారి యెదుట గలిలయ జాలరులు ఇద్దరు, ముందటి సాయంకాలము పట్టబడి కావలిలో నుంచబడినవారు. అట్టి చోట మాటలాడు హక్కు ఎవరిదో, తల వంచుకొనవలసినవారెవరో మనకు వివరింపనక్కరలేదు. రచ్చబండకు దూరముగా తలగుడ్డ తీసి నిలిచిన తాతల సంగతి మన సంఘములు ఇంకను మరువలేదు.

పేతురు పుట్టుకతో పిరికివాడు కాడు. గెత్సేమనేలో ఆయుధములు పట్టిన గుంపు మీద కత్తి దూసినవాడు అతడే. అదే రాత్రి చలిమంట యొద్ద ఒక పనికత్తె అడిగిన చిన్న ప్రశ్నకు నిజము చెప్పలేకపోయెను. చేతికి ధైర్యముండెను గాని నోటికి లేకపోయెను. మనలోను ఇట్టివారెందరో యున్నారు. ఎడ్లు బెదరినను కాడి విడువని మనుష్యుడు, సంఘ కూటములో లెక్కలు చదువునప్పుడు తప్పు తెలిసియు నేలచూపులు చూచును; ఇంటికి వచ్చి అరుగు మీద గంటసేపు మాటలాడును. యోహాను 7:13 అట్టివారిని గూర్చినదే. పండుగలో జనులు యేసును గూర్చి గొణుగుకొనిరి గాని, భయపడి ఎవడును బాహాటముగా పలుకలేదు. అక్కడను మూలములో ఇదే మాట.

కేకలు వేయుట పర్రేసియ అనుకొను సహోదరులును కొందరున్నారు. వారు ఫిలేమోను పత్రిక 8, 9 వచనములు చదువుకొనవలెను. ఆజ్ఞాపించుటకు తనకు ఇట్టి ధైర్యమున్నను, ప్రేమను బట్టి వేడుకొనుచున్నానని పౌలు వ్రాసెను.

మరి పేతురు నోటికి ఈ ధైర్యము ఎక్కడనుండి వచ్చెను? వారు యేసుతో కూడ ఉండినవారని సభవారే గుర్తెరిగిరి. విడుదల పొంది తమవారియొద్దకు వచ్చినప్పుడు అందరును కలిసి ప్రార్థించిరి. బెదిరించినవారు నశింపవలెనని అడుగలేదు, బెదిరింపు తొలగిపోవలెనని కూడ అడుగలేదు. వాక్యమును ధైర్యముగా పలుకు శక్తినే అడిగిరి. సంకెళ్లలోనున్న పౌలు ఎఫెసీయులను కోరినది ఇట్టి ప్రార్థనయే. అంత పౌలునకును ఇది అడిగి పుచ్చుకొనవలసిన వరమాయెను.

హెబ్రీయులకు 4:16లో కృపాసనము యొద్దకు ధైర్యముతో రమ్మని పిలుపున్నది. అక్కడను పర్రేసియయే. ప్రార్థన చేయుమనగా, "అయ్యగారూ, నాకు మాటలు రావు, మీరే చేయండి" అని వెనుకకు జరుగు తల్లులు ప్రతి సంఘములోను కలరు. అమ్మా, అక్కడ పండితుల మాట అక్కరలేదు. బిడ్డ జ్వరము, తీరని అప్పు, ఇంటాయన త్రాగుడు, పొరుగామె మీది కోపము, అన్నియు నీ నోటితోనే చెప్పవచ్చును. దాసునకు లేని హక్కు కుమార్తెకు కలదు. దేవుని యెదుట ఉన్నదంతయు చెప్పుకొను అలవాటైన నోరు, మనుష్యుల యెదుట కూడ తెరువబడుట మేము చూచియున్నాము.

అపొస్తలుల కార్యముల చివరి వచనములోను ఈ మాటయే యున్నది. రోమాలో అద్దె యింట, కావలి సిపాయి ప్రక్కనుండగా, పౌలు రెండు సంవత్సరములు తనయొద్దకు వచ్చినవారికందరికి బోధించెను. అతని చేతికి గొలుసున్నది. అయినను లూకా తన గ్రంథమును ముగించిన గ్రీకు మాటకు 'ఆటంకము లేక' అని అర్థము.