చిన్న ఊరి మొక్కు

(ధ్యానమునకు: యిర్మీయా 29వ అధ్యాయము, మార్కు సువార్త 6వ అధ్యాయము)

ద్వారకా తిరుమలను చిన్న తిరుపతి యనుట మీరెరిగినదే. అక్కడ ఒక మాట తరతరములుగా వాడుకలో నున్నది. పెద్ద తిరుపతికి మొక్కుకొనిన మొక్కును చిన్న తిరుపతిలో తీర్చుకొనవచ్చునట గాని, చిన్న తిరుపతికి మొక్కుకొనినది చిన్న తిరుపతిలోనే తీర్చవలెనట. హైదరాబాదులో 24 ఏండ్లు కాపురముండి, ఉద్యోగ విరమణ తరువాత మేమీ ఊరు వచ్చిన మొదటి వారములో మా యింటి యజమానురాలు ఈ సంగతి నాతో చెప్పినది. కొండమీది ఆరాధన నాది కాదు. అయినను ఆ మాట నన్ను విడువలేదు. చిన్న ఊరికి పడిన బాకీ ఆ ఊరిలోనే తీర్చవలసి యుండునా? ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను.

మేము వచ్చినది బాకీ పడుటకు కాదు. అద్దె తక్కువ, గాలి మంచిది, రణగొణ లేదు. ఈ మూడింటిని లెక్క వేసికొనియే వచ్చితిమి. ఇట్లు లెక్క వేసికొనువారు చాలమంది కలరు. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు పట్టణములలోని ఉద్యోగులెందరో సొంత ఊళ్లకు చేరి, ఇంటినుండియే ఆఫీసు పని చేసిరి. ఉల్లిపాయల వ్యాపారమునకు పేరుబడిన తాడేపల్లిగూడెమునకు 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చినది మొదలు దేశపు నలుమూలల నుండి యువకులు వచ్చి నాలుగేండ్లుండి పోవుచున్నారు. వీరందరును ఊరు తమకేమి ఇచ్చునని అడిగి వచ్చినవారే. నేనును అంతే. అది పాపమని నేననను. కాని అది సగము లెక్క మాత్రమే.

ఈ ఊరిలో బ్రతుకుట యెట్లుండునో కొంచెము చెప్పెదను. రైలు కావలెనన్న సుమారు 15 కిలోమీటర్లు పోయి భీమడోలులో ఎక్కవలెను. పెద్ద బండ్లు చాలవరకు అక్కడ ఆగక పోవును. పెద్ద డాక్టరు కావలెనన్నను, కలెక్టరు కచేరీలో పనియున్నను ఏలూరు సుమారు 40 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు పేరుతోనే జిల్లా యేర్పడినది గాని దూరము మాత్రము తగ్గలేదు. ఏడాదికి రెండుమారులు బ్రహ్మోత్సవములు జరుగును. పెండ్లి ముహూర్తములు వచ్చెనా, వీధిలో నడువ సందుండదు. సత్రములు నిండిపోవును. మరునాడు ఉదయమున చూడగా వాడిపోయిన అరటాకులును, నిద్రలేని కుక్కలును తప్ప ఎవరునుండరు.

వచ్చిపోవువారితో బ్రతుకు ఊరు గనుక, ఇక్కడివారు మనిషిని చూచి యాత్రికుడా, ఊరివాడా అని వెంటనే పోల్చుకొందురు. మొదటి ఆరు మాసములు పాల దుకాణమువాడు నన్ను యాత్రికునివలెనే చూచెను. చిల్లర చేతిలో పెట్టి మరొకనివైపు తిరిగెడివాడు. ఒక దినమున చిల్లర లేకపోగా, "రేపిద్దురు గానిలెండి" అనెను. ఆ రాత్రి నేను మిక్కిలి సంతోషముతో ఇంటికి వచ్చితిని. అయిదు రూపాయల అప్పు మనిషికంత ఆనందమిచ్చునని పట్టణములో నేనెన్నడును అనుకొనలేదు!

అయితే ఊరివాడగుటకు మరియొక వెల కలదు. "ఏ ఊరండీ మీది?" అని అడిగెదరు. ఇది మొదటి ప్రశ్న, ఇది ప్రేమగల ప్రశ్నయే. హైదరాబాదులో మా ఎదుటి గడపవారికి 24 ఏండ్లలో నా పేరు తెలియలేదు. కాని వెంటనే రెండవ ప్రశ్న వచ్చును. "ఎవరి తాలూకండీ?" ఈ ప్రశ్నలో ఏమున్నదో మన సంఘములోని పెద్దలకు నేను విప్పి చెప్పనక్కరలేదు. మేము ఇల్లు వెదకుచుండగా ఒక పెద్దమనిషి గదులన్నియు చూపి, కుళాయి త్రిప్పి నీళ్లు చూపి, అద్దె చెప్పి, చివరకు మేము ఆదివారము గుడికి పోవుదుమని వినినంతనే, "అయ్యో, మొన్ననే ఒకరికి మాటిచ్చేశామండీ" అనెను. మరుసటి వారమును ఆ టులెట్ బోర్డు ఆ గేటుకే వ్రేలాడుచుండెను.

గనుక చిన్న ఊరిని గూర్చి తియ్యని మాటలు మాత్రమే వ్రాయుటకు నాకు చేతకాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టరు అంబేద్కరుగారు గ్రామమును ఆదర్శముగా పొగడువారిని గట్టిగా ఖండించిరి. కులము, సంకుచితత్వము, అజ్ఞానము అక్కడనే గూడు కట్టుకొనియున్నవని వారి భావము. మన తాతలలో ఎందరు ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేక, చెప్పి చెప్పి విసిగి, రైలెక్కి పోయిరో! ఎవరును పేరడుగని పెద్ద వీధి వారికి కనికరముగల చోటు. వారు ఊరిని విడిచి తప్పు చేసిరని నేననను. పట్టణపు మేడలో కూర్చుండి పల్లె అందమును వర్ణించువారు ఒక్క యేడాది అద్దె యిల్లు వెదకి చూచిన మేలు.

ప్రభువు పెరిగిన ఊరును చిన్నదే. నజరేతువారు ఆయనను ఎరుగకపోలేదు, మితిమీరి ఎరుగుదుమనుకొనిరి. ఆయన చేతిపని ఏదో, తల్లి ఎవరో, తోబుట్టువులెవరో అన్నియు చెప్పగలిగిరి. ఆ లెక్క చేతిలో నుండుటచేతనే ఎదుట నిలిచిన మనిషి వారికి కనబడలేదు. ఎవరి తాలూకు అను ప్రశ్నకు దొరికిన జవాబుతో వారు తృప్తినొందిరి. ఆయన సరస్సు ఒడ్డునున్న కపెర్నహూమునకు వచ్చి కాపురముండెనని మత్తయి వ్రాసెను. ఊరు మారుట ఆయనకును తప్పలేదు.

యిర్మీయా చెరలోనున్నవారికి వ్రాసిన ఉత్తరమును చదువునప్పుడెల్ల నాకొక సందేహము కలిగెడిది. ఇండ్లు కట్టుకొనుడి, చెట్లు నాటుడి, ఆ పట్టణపు మేలు కోరుడి అని ఆయన వారికి చెప్పెను. కాని బబులోను వారిని ప్రేమించిన ఊరు కాదు, వారు కోరి వచ్చిన ఊరును కాదు. ప్రవక్త వారితో, ముందుగా ఊరు మిమ్మును గౌరవింపనిండు అని ఏల చెప్పలేదు? చాలకాలము ఇది నాకు అన్యాయముగా తోచినది. ఇప్పుడు వేరుగా తోచుచున్నది. చెట్టు నాటినవాడు కాపు వచ్చువరకు ఉండవలెను. ఉన్నవానికే ఊరితో పేచీ పెట్టుకొను హక్కు కూడ వచ్చును. పోవువాడు దేనిని గూర్చియు పేచీ పడడు, మూట కట్టుకొనును.

ఉండక వాడుకొనుట యెట్టిదో చూడవలెనన్న కొల్లేరు వైపు పోవలెను. ఆ సరస్సును 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ రామ్సర్ జాబితాలో చేరినది. అయినను సరస్సు గర్భములో చేపల చెరువులు పెరిగిపోయెను. లాభములో పెద్ద పాలు అక్కడ కాపురము లేని పెట్టుబడిదారులకే పోయెనని లంక గ్రామములవారు చెప్పుదురు. 2006లో ప్రభుత్వము గట్లు కొట్టివేసినప్పుడు కూలి పోయినది మాత్రము అక్కడ ఉన్నవారికి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినది. ఆ నీరు చివరకు దిగినది కొల్లేటిలోనికే. పెద్ద ఊరి వరద చిన్న ఊళ్ల మీదుగా పోవును. పత్రికలలో పెద్ద ఊరి పేరే పెద్ద అక్షరములలో పడును.

ఇక నా బాకీ సంగతి. మేము వచ్చిన రెండవ యేట ఒక రాత్రి ఒంటిగంటకు నా భార్యకు ఊపిరాడలేదు. అంబులెన్సుకు ఫోను చేసితిమి గాని అది వచ్చుటకు చాల సేపు పట్టునట్లుండెను. మా యజమానురాలు గేటు తీసికొని వీధిలోనికి పరుగెత్తి, ఒక యింటి తలుపు తట్టి, కారు బయటికి తీయించినది. తీసినవాడు ఎవరనుకొనుచున్నారు? టులెట్ బోర్డు పెద్దమనిషియే. లుంగీతోనే కూర్చుండి ఏలూరు వరకు తోలెను. మొదట పోయిన ఆసుపత్రిలో డాక్టరు లేడనిరి; రెండవదానిలో చేర్చుకొనిరి. తెల్లవారువరకు ఆయన మెట్లమీద కూర్చుండెను. పెట్రోలు డబ్బులు ఇయ్యబోగా, "డబ్బులెందుకండీ, రేపు మా యింట్లో ఈ కష్టం రాదా?" అనెను.

చదువరులారా, నాకు ఇల్లు లేదన్న నోరును, నా భార్యను బ్రతికించిన చేతులును ఒక్క మనిషివే. పట్టణములో ఈ చిక్కు రాదు. అక్కడ అవమానించినవాడు ఒకడు, సహాయము చేసినవాడు వేరొకడు. ఇద్దరి ముఖములును మరల కనబడవు. ఇక్కడ ప్రతి ఉదయమును పాల దుకాణము దగ్గర ఆయన ఎదురగును. ఆయనకు నేను కృతజ్ఞత మాత్రమే బాకీయా? పాత సంగతి మరచిపోయినట్లు నటించుట సులువు, అది మర్యాదగా కూడ కనబడును. కాని అట్లు చేసిన నేను ఇంకను యాత్రికుడనే అని నాకు తోచినది.

కొన్ని మాసముల తరువాత ఒక సాయంకాలము ఆయన అరుగుమీద కూర్చుండి చెప్పితిని. "ఆ రోజు మీరు మాటిచ్చేశామన్నారండీ. వారం తరువాత కూడ బోర్డు ఉంది." ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత, "అప్పుడు మా అమ్మ ఉండేదండీ" అనెను. ఆ సాకును నేను ఒప్పుకొనలేదు, కాదనను లేదు. లోపలినుండి కాఫీ వచ్చినది. ఇద్దరమును త్రాగితిమి. ఆయన క్షమించుమని అనలేదు. మరుసటి దినమున పాల దుకాణము దగ్గర తానే ముందుగా పలుకరించెను. ఆ పలుకరింపునకు ఎంత అర్థము కలదో నేను ఇంకను లెక్క కట్టలేదు.

మొన్న వేసవిలో ఆయన ఇంటి పైభాగములోనికి ఒక క్రొత్త కుటుంబము దిగినది. లారీ నుండి మంచము, బీరువా, తులసి కుండీ దించుచున్నారు. ఆ యింటి ఇల్లాలు ఎండలో నిలువబడియుండగా నేను మంచినీళ్ల చెంబు తీసికొని పోతిని. "ఏ ఊరండీ మీది?" అని అడిగితిని. "అనంతపురమండీ" అనినది. రెండవ ప్రశ్న నా నాలుక చివరివరకు వచ్చినది, వచ్చినదని ఒప్పుకొనవలెను. "పాలు కావలెనన్న ఆ మూలమీద దుకాణమున్నదమ్మా, చిల్లర లేకపోయినా ఇస్తాడు" అని చెప్పి వచ్చితిని.