గేటు దగ్గరికి వచ్చిన కూలీ హక్కు

ఫజ్ర్ నమాజు ముగించుకుని, క్యారేజీ పట్టుకుని ఒక సోదరుడు పైడిభీమవరం మందుల కర్మాగారానికి వెళ్ళాడు. అతను కంపెనీ మనిషి కాదు, ఏజెన్సీ మనిషి. గేటు దగ్గర సూపర్‌వైజరు "ఈ రోజు షిఫ్టు లేదు, వెళ్ళిపో" అన్నాడు. ఆటో డబ్బులూ పోయాయి, ఆ రోజు కూలీ పోయింది. నెలాఖరున పగిలిన గాజు సామాను పేరుతో మరికొంత కోత. జుమా తరువాత అతను నన్ను అడిగాడు: "మౌలానా! పని చేయని రోజుకు జీతం అడగడం నాకు హలాలేనా?"

ప్రియ పాఠకులారా! ఈ భయం అడిగేవాడికి ఉంది. ఉండవలసింది కోసేవాడికి.

ధర్మశాస్త్ర పండితులు పనివారిని రెండు రకాలుగా వివరించారు. దర్జీ ఎందరి బట్టలైనా కుడతాడు. పని పూర్తయితేనే అతనికి కూలి. తన సమయాన్ని ఒక్కరికే అప్పగించేవాడు 'అజీరె ఖాస్'. హనఫీ గ్రంథం 'హిదాయా' ప్రకారం ఇతను ఒప్పుకున్న వేళకు పనికి సిద్ధంగా హాజరైతే చాలు, యజమాని పని చెప్పకపోయినా వేతనానికి హక్కుదారుడే. అతని తప్పు లేకుండా చేతిలో పాడైన వస్తువుకు అతను పరిహారం చెల్లించనక్కర లేదు.

"కంపెనీయే పని ఆపింది, నేనేం చేయను?" అని కాంట్రాక్టరు అనవచ్చు. పని ఉన్న రోజు కమీషను తీసుకున్నవాడు పని లేని రోజు నష్టాన్ని కూలీ నెత్తిన వేయడం న్యాయమా? ఏ రోజుకారోజు ఒప్పందమై, ముందురోజే వద్దని చెప్పి ఉంటే మాట వేరు. కూలీ తానే మానేసిన రోజుకు జీతం తగ్గించడం కూడా అన్యాయం కాదు.

2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతన నియమావళి కూడా అనుమతించిన కారణాలకు తప్ప కోతలు కూడదంటుంది. అన్ని కోతలూ కలిపి వేతనంలో 50 శాతం మించరాదు. నష్టం పేరుతో కోసే ముందు కార్మికుని సంజాయిషీ వినాలి. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలి.

మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనికి పెట్టుకున్న పెద్దాయన గడువు ముందే స్పష్టంగా చెప్పాడు, కష్టపెట్టనని మాట ఇచ్చాడు. ఆ స్పష్టతే నేడు కరువైంది. పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ ప్రకటించినట్లు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు.

కనుక సోదరా! హాజరు చీటీ దాచుకో, నీ హక్కు మర్యాదగా అడుగు. అది యాచన కాదు, హలాల్ సంపాదన. కాంట్రాక్టరు సోదరా! ఈ రాత్రే నీ లెక్కల పుస్తకం తిరగేసి చూసుకో. ఆ లెక్క మరొకచోట విప్పక ముందే సరిచేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.