మల్లన్న దగ్గరికి ఎలా నడవాలి?

శివరాత్రి దగ్గరపడుతోంది. మన ఛానల్‌లో శ్రీశైలం నడకయాత్ర వీడియో పెట్టినప్పుడు నేను ఒక సంగతి దాచాను. కెమెరా ముందు చెప్పే ధైర్యం చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది వినుకొండ దగ్గర పల్లె. మిరప, పత్తి తప్ప ఇంకో ముచ్చట ఉండదు మా దగ్గర. 2021 చివర్లో నల్ల తామర పురుగు వచ్చింది, మీలో ఊళ్లతో సంబంధం ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పువ్వులో దూరి కూర్చుంటుంది, పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు. పూతంతా రాలిపోయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది తోటలు పీకేశారు. మా తోట కూడా పోయింది. ఆ రోజు చేలో నిలబడి అమ్మ పడమర వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "మల్లన్నా, వచ్చే పంట చేతికొస్తే నీ కొండకి నడిచి వస్తా" అని మొక్కుకుంది.

వచ్చింది. 2023 శివరాత్రికి మొదటి కోత అయ్యాక మేం పెద్దదోర్నాల నుంచి నడక మొదలుపెట్టాం. దాదాపు 50 కిలోమీటర్లు, అంతా నల్లమల అడవే. చుట్టూ వందలమంది. "ఓం నమః శివాయ" అంటూ ఒకరినొకరు లాక్కుపోతున్నట్టుగా నడుస్తారు. ఆ ఆనందం నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

దాచిన సంగతి చింతల గూడెం దాటాక జరిగింది. సాయంత్రం అన్నం వండుకుందామని రోడ్డు దిగి లోపలికి వెళ్లాం. మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది నేనే. చిరుమాను, మద్ది, ఏగిస, అన్నీ ఆకు రాల్చే కాలం అది. మోకాలిలోతు ఎండుటాకు. గాలికి ఒక రవ్వ లేచింది. చూస్తుండగానే నేలమీద పసుపురంగు గీతలాగా మంట పాకిపోయింది. నేను బాటిల్‌లో నీళ్లు పోశాను, ఏమవుతుంది? ఎక్కడినుంచి వచ్చాడో ఒక చెంచు తాత, ఇంకో కుర్రాడు వచ్చి పచ్చి కొమ్మలు విరిచి కొట్టి కొట్టి ఆర్పారు. ఒక గది అంత స్థలం నల్లగా అయిపోయింది. అంతే, పెద్ద ప్రమాదమేం కాదు. కానీ ఆ బూడిదలో ఒక చిన్న తాబేలు ఉంది, వీపుమీద చుక్కలున్నది. కదల్లేదు.

తాత తిట్టలేదు. అమ్మని చూసి, "పొయ్యి పెట్టేముందు ఆకు ఊడ్చాలమ్మా" అన్నాడు. అంతే. మళ్లీ గూడెం వైపు వెళ్లిపోయాడు. చెంచులకి మల్లన్న దేవుడే కాదు, అల్లుడు కూడా. వాళ్ల పిల్లని చేసుకున్నాడని, ఆయన్ని చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. అంటే మేం వెళ్తున్నది ఆయన అత్తారింటి మీదుగా. ఆ ఇంట్లో నిప్పు పెట్టి, దర్శనం చేసుకుని, వీడియో తీసుకుని వచ్చాను.

అప్పట్నుంచి నన్ను ఒక ప్రశ్న వదలట్లేదు. అమ్మ మొక్కు తీరింది. పుణ్యం ఆమె ఖాతాలో పడింది అనుకుందాం. మరి ఆ తాబేలు ఎవరి ఖాతాలో పడుతుంది?

"మనమీదే ఎందుకు పడతారు?" అని మీలో కొందరికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అడవికి మా పొయ్యికన్నా పెద్ద గండాలు లేవా? ఉన్నాయి. ఇదే అడవికి కృష్ణ అవతల ఉన్న అమ్రాబాద్‌లో యురేనియం కోసం తవ్వుతారని తెలిసి జనం గోల చేస్తే, 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. శ్రీశైలం జలాశయం నిండితే సంగమేశ్వరం గుడి నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది. మా ప్రకాశంలో పొగాకు బ్యారన్లకి ఏటా ఎంత కట్టె కాలుతుందో చూసినవాళ్లకి తెలుసు. ఇవన్నీ నిజమే. కానీ గని తవ్వేవాడు దేవుడి పేరు చెప్పుకోడు. నేను చెప్పుకున్నాను. అందుకే నా లెక్క వేరు.

మన ధర్మంలో ఈ లెక్కకి పేరుంది. గృహస్థుడు రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. ఇక్కడ భూతం అంటే దెయ్యం కాదు, ప్రాణి. కాకికో చీమకో ఒక ముద్ద తీసి పెట్టడం. దేవయజ్ఞం చేసేశాం కదా, భూతయజ్ఞం మాఫీ అనే వెసులుబాటు అందులో లేదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు పడితే ఏం చేయాలి? భారతంలో దీనికి దగ్గరగా ఒక చిన్న కథ ఉంది, ప్రవచనాల్లో పెద్దగా వినపడదు.

వనపర్వంలో పాండవులు ద్వైతవనంలో ఉంటారు. ఒకరాత్రి యుధిష్ఠిరుడి కలలోకి జింకలు వస్తాయి. వణికిపోతూ, ఏడుస్తూ. మేం ఈ వనంలో చావగా మిగిలినవాళ్లం, నీ తమ్ముళ్ల వేటకి విత్తనాల్లాగా కొద్దిమందిమే మిగిలాం, మళ్లీ పెరగాలంటే మీరు ఇక్కడినుంచి వేరేచోటికి వెళ్లాలి అని అడుగుతాయి. ధర్మరాజు పొద్దున్నే లేచి తమ్ముళ్లకి చెప్తాడు: ఏడాది ఎనిమిది నెలలుగా వీటినే తింటున్నాం, ఇక చాలు. అందరూ లేచి కామ్యకవనానికి వెళ్లిపోతారు.

గమనించండి, ఆయన అధర్మం చేస్తున్నాడని జింకలు అనలేదు. వేట క్షత్రియుడికి తప్పు కాదు. వాళ్లు అడవిలో ఉన్నది కూడా సరదాకి కాదు, మాట నిలబెట్టుకోవడానికి. అంటే పాండవులదీ ఒక వ్రతం లాంటిదే. జింకలు ఆ వ్రతం మానేయమనలేదు, ఇంకోచోట చేసుకోమన్నాయి. ఆయన ఆగ్రహించలేదు, "నాకూ హక్కుంది" అనలేదు. నాకు ఆ కథలో నచ్చేది ఆ కదలడమే. ప్రాణుల మీద జాలి అందరికీ ఉంటుంది. నాకూ ఆ తాబేలు మీద జాలి కలిగింది, దానివల్ల దానికి ఒరిగిందేం లేదు.

ఈ కథ మనకి దూరపుది కూడా కాదండి. నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేసిన ఎర్రన, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు అద్దంకి. ఆ గుండ్లకమ్మ పుట్టేది నల్లమలలోనే, గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర. అక్కణ్ణుంచి దిగి, కంభం చెరువు నింపి, మా మెట్టనేలల మీదుగా సముద్రానికి పోతుంది. అడవిలో పడిన వాన ఆకుల్లో, వేళ్లలో ఆగి మెల్లగా దిగితేనే కింద వాగుకి నాలుగు రోజులు నీళ్లుంటాయి. ఆకు కాలిపోయిన కొండమీద పడిన వాన మట్టితో సహా ఒక్కసారే వచ్చేస్తుంది. అమ్మ ఏ పంట కోసం మొక్కుకుందో, ఆ పంట నీళ్లలో ఆ అడవికి వాటా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. పోయినేడు నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. ఆస్పత్రి బయట కూర్చుని అమ్మ మళ్లీ మొక్కుకుంది, మళ్లీ నడిచి వస్తానని. నేను ఆమెకి ద్వైతవనం కథ చెప్పాను. ఎండిన ఆకు గురించి చెప్పాను. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం అదేనని, జంతువుల కోసమే ఆ రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్లు ఆపేస్తారని చెప్పాను. అమ్మ అంతా విని, "ధర్మరాజు రాజురా. ఆయనకి ఇంకో అడవి ఉంది పోవడానికి. నాకు ఇంకో మల్లన్న ఉన్నాడా?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా.

తర్వాత నాకు త్రిపురాంతకం గుర్తొచ్చింది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెప్తారు కదా: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తూర్పు ద్వారం మా వైపే, అడవి ఇంకా చిక్కబడక ముందే. శిఖరాన్ని దూరం నుంచి చూసినా మళ్లీ జన్మ ఉండదని నమ్మే క్షేత్రం అది. అంటే దూరంగా నిలబడి దణ్ణం పెట్టడం మన సంప్రదాయానికి కొత్తేం కాదు. "నడక మానొద్దమ్మా. మన ఊరి నుంచి త్రిపురాంతకం దాకా నడుద్దాం. అక్కణ్ణుంచి బస్సెక్కి కొండకి పోదాం. నువ్వు నడుస్తానన్నావు గానీ అడవిలోనే నడుస్తానని అనలేదుగా" అన్నాను. కొంచెం లాయర్ మాటలాగా ఉందని నాకూ తెలుసు.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. నాన్న మంచంమీద నుంచి మా ఇద్దర్నీ చూస్తున్నాడు.

"వినుకొండ దాటాక ఆ దారిలో అన్నీ చేలే" అంది చివరికి. "గట్టు మీది చెట్లు మనమే కొట్టేశాం, నీడ పడితే మిరప ఎదగదని. ఎండకి ఎక్కడ కూర్చోమంటావు?"

ఈ ఆదివారం నేనూ నాన్నా బైక్‌మీద మెల్లగా ఆ దారంతా వెళ్లొస్తున్నాం, నీడ ఎక్కడెక్కడ మిగిలిందో చూడటానికి.