మీరు వెళ్ళిరండి

జెబెల్ షమ్స్ నుంచి తిరిగి వస్తూ కారులో మొదలైన వాదన రూవి చేరేసరికి కూడా తేలలేదు. ఆ తర్వాత రెండు శుక్రవారాలు కాఫీల దగ్గర సాగింది, అప్పుడూ తేలలేదు. అందుకని సభ్యుల ముందు పెడుతున్నాము. మీలో చాలామంది ఆ దారి నడిచినవారే. నడవనివారి కోసం నాలుగు మాటలు.

జెబెల్ షమ్స్ ఒమాన్‌లోకెల్లా ఎత్తైన కొండ, సుమారు 3,000 మీటర్లు. దాని పక్కనే నేల నిలువునా చీలినట్లు వాదీ నఖర్ లోయ. అంచు నుంచి అడుగుకు దాదాపు కిలోమీటరు లోతు. అల్ ఖితైమ్ అనే చిన్న పల్లె దగ్గర బండి దిగితే, ఆ లోయ గోడకు అతుక్కుని ఒక కాలిదారి బయలుదేరుతుంది. బండల మీద పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలు గుర్తుగా వేసి ఉంటాయి. ఒక పక్క గోడ, రెండో పక్క గాలి. రెండు గంటలు నడిస్తే అస్ సాబ్ అనే పాడుపడిన ఊరు వస్తుంది. దారి చాలాచోట్ల మన పంటకాలవ గట్టుకన్న వెడల్పే. చిన్నప్పుడు గట్టు మీద పరుగెత్తినవాళ్ళమే ఇక్కడ గోడ తడుముకుంటూ నడుస్తాము.

పిల్లల్ని రూవిలో పెద్దవాళ్ళకు అప్పగించి ఆరుగురం బయలుదేరాము. ఏర్పాట్లన్నీ చేసింది మా ఇంజనీరుగారు. సైటులో పదో అంతస్తు పరంజా మీద తాపీగా తిరిగే మనిషి. ముప్పావుగంట నడిచాక దారి ఒక మలుపు తిరిగి, కింద లోయ ఒక్కసారిగా తెరుచుకున్న చోట ఆయన గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. నీళ్ళు తాగడానికేమో అనుకున్నాము. ఎంతకీ లేవలేదు.

అప్పుడు జరిగినది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. భర్తృహరి నీతిశతకంలో పని మొదలే పెట్టనివారు, నడుమ మానేవారు, ఎన్ని అడ్డంకులొచ్చినా విడవనివారు అని మూడు తరగతులు చేసిన శ్లోకం ఉన్నది గదా. దానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యం మనమంతా బడిలో బట్టీ పట్టినదే. మాలో ఒకరు దాన్ని రాగం తీసి చదివారు. ఆ ఒకరెవరో కాదు, యీ నాలుగు ముక్కలు రాస్తున్న మేమే. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి లేచి, గబగబా పది అడుగులు వేశారు. పదకొండో అడుగు పడలేదు. ఇంతకుముందు కూర్చున్న చోట వీపుకు గోడ ఉంది. ఇప్పుడు నిలబడ్డ చోట దారి సన్నం, రాయి బయటికి వాలింది. ముందుకూ రాలేరు, వెనక్కూ తిరగలేరు. చేతులు వణకడం కనిపిస్తూనే ఉంది.

మా డాక్టరుగారు మమ్మల్నందర్నీ నోరు మూసుకోమని, ఆయన చొక్కా చెంగు పట్టుకుని, గోడవైపే చూడమని చెప్పి, ఒక్కొక్క అడుగే వెనక్కు నడిపించారు. మనిషి నిలబడడానికి చెవిలోని తూకం ఒక్కటే చాలదనీ, దగ్గరి వస్తువులను చూస్తూ కన్ను కూడా వొంటిని సరిదిద్దుతుంటుందనీ, ఎదుట వందల గజాలదాకా ఏమీ లేకపోతే ఆ ఆసరా పోయి వొళ్ళు తూలుతుందనీ ఆవిడ తర్వాత వివరించారు. పరంజా మీద కంటికి దగ్గరగా గొట్టాలూ పలకలూ ఉంటాయి. ఇక్కడ గాలి తప్ప ఏమీ లేదు. పద్యానికీ దీనికీ సంబంధమే లేదన్నమాట.

కూర్చున్నాక ఆయన అన్నది ఒకటే మాట: “మీరు వెళ్ళిరండి.”

తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రెంటికీ ఒకే మాటతో సరిపెట్టుకుంటారు. రూవి నుంచి ఆ మలుపుదాకా ‘మనం’ వెళ్తున్నాం. ఆయన నోట ‘మీరు’ అన్న మాట రాగానే మిగిలినవాళ్ళం ‘మేము’ అయిపోయాము. ఒకరు వెనక్కు పోదామన్నారు. ఆయన గట్టిగా వద్దన్నారు, నా వల్ల మీ రోజు పాడయిందంటే నాకు ఇంకా కష్టం అన్నారు. ఆ మాట నిజమే అయి ఉండాలి. కాని అది మాకు ఎంత అనుకూలమైన నిజం! ఇంతలో డాక్టరుగారు తన మోకాలు పట్టేసిందనీ, ఇక నడవలేననీ కూర్చున్నారు. పొద్దున్నుంచి అందరికంటే ముందు నడిచిన మోకాలు అది.

మేము నలుగురం వెళ్ళాము.

అస్ సాబ్ గురించి చెప్పక తప్పదు. పైనుంచి వాలిన బండ కింద రాతిగోడల ఇళ్ళు, ముందు మెట్లుమెట్లుగా మడి చెక్కలు, కొండలోంచి ఊరే నీరు. కొన్ని దశాబ్దాల క్రితం దాకా అక్కడ జనం ఉండేవారు. గింజలు, కట్టెలు, పెళ్ళికూతుళ్ళు, రోగులు అందరూ ఆ దారినే రావాలి, పోవాలి. నడుమ మానేసే తరగతి ఆ ఊళ్ళో ఉండడానికి వీలే లేదు. అక్కడ భయపడ్డవారి నేం చేసేవారో! చెయ్యి పట్టుకుని నడిపించి ఉంటారు, లేకపోతే వీపున వేసుకుని ఉంటారు. సెలవు రోజున సరదాకు నడిచే మాకు మాత్రమే వదిలిపెట్టి పోగల వెసులుబాటు ఉంది. గోడల మధ్య పది నిమిషాలు కూడా నిలవలేక తిరిగి వచ్చాము.

కారులో వాదన ఇది. పెద్దమనిషి తనంతట తాను వెళ్ళమన్నప్పుడు వెళ్ళకపోవడం ఆయన మాటను చులకన చేయడమేనని ఒకరన్నారు. వెళ్ళమన్నా వెళ్ళకుండా ఉండడమే స్నేహమని మరొకరు. మహాభారతం మాట వచ్చింది. మహాప్రస్థానంలో ద్రౌపది పడిపోతే ధర్మరాజు వెనక్కు తిరగలేదు. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడ్డారు. ఆయన నడుస్తూనే ఉన్నాడు. మాకు పట్టుకున్నది ఆ నడక కాదు. ఎందుకు పడ్డారని భీముడు అడిగినప్పుడల్లా ఆయన కారణం చెప్పాడు. ఈవిడకు పక్షపాతం, వీడికి తెలివి గర్వం, వాడికి అందం గర్వం. ముందు నడిచేవాడు వెనకబడ్డవాడిలో తప్పు వెతకడం అంత పాతదన్నమాట. అదే ధర్మరాజు స్వర్గారోహణ పర్వంలో నరకపు దారిలో తమ్ముళ్ళ గొంతులు విని, నువ్వుంటే మాకు బాధ తగ్గుతున్నదని వాళ్ళంటే, స్వర్గం అక్కరలేదని అక్కడే నిలిచిపోయాడు. అప్పుడు కారణాలు చెప్పలేదు. ముందటి నడక తప్పని వ్యాసుడుగాని తిక్కనగాని అన్నట్లు తోచదు. కాని ఆగినచోటే ఆయన మాకు దగ్గరివాడుగా కనిపిస్తాడు.

ఈ మాటలు నడుస్తుండగా మాలో ఒకావిడ, “2020లో వెళ్ళిపోయినవాళ్ళ గురించి మనం ఏమన్నాం?” అని అడిగారు. కారులో ఎవరూ మాట్లాడలేదు. ఆ ఏడు ఉద్యోగాలు పోయి ఎన్ని కుటుంబాలు సామాన్లు అమ్ముకుని తిరిగి వెళ్ళాయో అందరికీ గుర్తే. విమానాశ్రయానికి వెళ్ళి సాగనంపాము, కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాము. వారం తిరక్కుండా, ఆయన ముందే జాగ్రత్తపడాల్సింది, అంత అద్దె ఇంట్లో ఉండాల్సింది కాదు, పై అధికారులతో సఖ్యంగా ఉండడం తెలియదు అని కారణాలు చెప్పుకున్నాము. అవి వాళ్ళ తప్పులని నమ్మితేనే గదా, మన కాలికింద దారి గట్టిదని ధైర్యం!

నమ్మకపోతే బతకలేమని మాలో ఒకరు ఇప్పటికీ వాదిస్తున్నారు. తోసిపుచ్చలేకపోతున్నాము.

డాక్టరుగారి అబద్ధం సంగతి మాత్రం మా మధ్య ఎవరూ ఎత్తడం లేదు. తనకోసం ఆగారని తెలిస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. తెలియలేదు గనుక దారి పొడుగునా ఆవిడ మోకాలికి తానే సాయంపట్టి జాగ్రత్తగా బండిదాకా తీసుకొచ్చారు. వచ్చేటప్పుడు ఆయన చేయి వణకలేదట. ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా మోకాలు ఎలా ఉందని అడుగుతున్నారట. తగ్గుముఖం పట్టిందండీ అని ఆవిడ చెబుతున్నారు.