లోటు ఎక్కడ పుడుతుంది?

ఒకప్పుడు రాయలసీమలో రాగి సంగటి, తెలంగాణలో జొన్న గటక తినే ఇళ్లలో వరి అన్నం పండగ పూట వంట. చుట్టాలొస్తే సంగటి ముద్ద పక్కన పెట్టి, పొరుగింట్లో బియ్యం బదులు తెచ్చి వండిన తల్లులు ఎందరో. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు ఆ ఇళ్లకు కడుపు నిండటంతో పాటు పరువు కూడా దక్కినట్టయింది. ఇప్పుడు అదే రాగి సంగటి పెద్ద హోటళ్లలో నాటుకోడి పులుసుకు జోడీగా వస్తోంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్రలు, అండుకొర్రలు చాలాచోట్ల సన్నబియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి. గింజ అదే, రుచి అదే. తినేవాడికి మాత్రం లోటు అనిపించడం లేదు.

మరి ఆ రోజుల్లో లోటు ఎక్కడుండేది? ముద్దలోనే ఉండి ఉంటే ఇవాళా అందులోనే కనిపించాలి. వేరే దారి లేక తినాల్సి రావడంలో ఉండేది. ఎవరైనా చూస్తారేమోనన్న జంకులో ఉండేది.

పొదుపు గురించి మాట్లాడాలంటే ముందు ఈ లోటు సంగతి తేల్చుకోవాలనిపిస్తుంది నాకు. డబ్బు దాచుకోమనగానే చాలామందికి నోరు కట్టుకోవడం, పిల్లల ముచ్చట చంపుకోవడం గుర్తొస్తాయి. అది నిజమైతే పొదుపు ఒక శిక్ష. శిక్షను మనిషి ఎన్నాళ్లు భరిస్తాడు? నెలా రెండు నెలలు బిగబట్టి, మూడో నెలలో అంతకంతా ఖర్చు పెట్టేస్తాడు. తనను తాను శిక్షించుకోకుండా దాచుకోవడం సాధ్యమా అన్నది నా ప్రశ్న. సాధ్యమేనని నా నమ్మకం. కాకపోతే దానికి కొన్ని షరతులున్నాయి.

ముందు ఆ జంకు సంగతి చూద్దాం. ఆడం స్మిత్ 1776లో అచ్చయిన తన అర్థశాస్త్ర గ్రంథంలో ఒక చొక్కా ప్రస్తావన తెచ్చాడు. గ్రీకులు, రోమన్లు నార చొక్కా లేకుండానే హాయిగా బతికారు. తన కాలానికి వచ్చేసరికి యూరప్‌లో రోజుకూలీ కూడా అది లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు. కాబట్టి ఆ చొక్కాను అవసరాల్లోనే లెక్కవేయాలన్నాడు. రెండు వందల ఏళ్ల తర్వాత అమర్త్య సేన్ పేదరికం గురించి రాస్తూ ఈ మాటనే ముందుకు తీసుకెళ్లాడు. సిగ్గుపడకుండా నలుగురిలో తిరగగలగడం కూడా మనిషి కనీస అవసరమేనని ఆయన వాదన.

ఇది మన ఊళ్లో మాటే. పెళ్లికి కట్టిన పట్టుచీరే మళ్లీ గృహప్రవేశానికి కట్టుకెళ్తే ఏమనుకుంటారోనన్న బెరుకు, పిల్లాడి పుట్టినరోజు మిగతా పిల్లల పుట్టినరోజుల్లా చేయకపోతే చిన్నబోతాడేమోనన్న బెంగ, ఇవి ఉత్తి భ్రమలని కొట్టిపారేయలేం. మనిషి నలుగురి మధ్య బతికే ప్రాణి. అయితే ఒక మాట అడగొచ్చు. సిగ్గు నలుగురి వల్ల పుట్టేదైతే, ఆ నలుగురూ కలిసి దాన్ని పోగొట్టలేరా?

పోగొట్టిన వాళ్లున్నారు. తెలుగునాట హేతువాదుల్లో, వామపక్ష కార్యకర్తల్లో దండల పెళ్లిళ్లు తరాలుగా జరుగుతున్నాయి. రెండు పూలదండలు, నాలుగు మంచి మాటలు, అందరికీ టీ, ఫలహారం. పొలం అమ్మి, ఏళ్ల తరబడి వడ్డీ కట్టి చేసే పెళ్లి ఖర్చు అక్కడ ఒక్క పూటలో తప్పిపోతుంది. అలా పెళ్లాడిన జంటలు తమకేదో తక్కువ చేశారని బాధపడరు. గర్వంగా చెప్పుకుంటారు. ఎందుకంటే అది వాళ్లు ఎంచుకున్నది. పక్కన నిలబడ్డ వాళ్లూ అదే విలువను నమ్మినవాళ్లు.

ఇష్టపడి ఎంచుకోవడం, తోడు ఉండటం అన్న ఈ రెండూ ఉంటే రూపాయి స్వభావమే మారిపోతుందనడానికి నెల్లూరు జిల్లా దూబగుంట సాక్ష్యం. 1992 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమం పుణ్యమా అని చదువు నేర్చుకుంటున్న పల్లె ఆడవాళ్లు సారా వల్ల ఇళ్లు ఎలా కూలిపోతున్నాయో మాట్లాడుకున్నారు. సారా దుకాణాన్ని ఊళ్లో ఉండనివ్వలేదు. రోశమ్మ లాంటి మామూలు మనుషులు ముందు నడిచిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. దాని వెనకాలే ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. రోజుకో రూపాయి, ఏడాదికి మూడు వందల అరవై అయిదు. మగాడు సారాకు పట్టుకెళ్లినప్పుడు ఇంట్లో చెయ్యి ఖాళీ అయ్యేది. సంఘంలో దాచినప్పుడూ ఆ రోజుకు చెయ్యి ఖాళీయే. కానీ మొదటిది ఆమెను ఏడిపించింది, రెండోది బ్యాంకు మెట్లెక్కించింది, తన పేరు మీద పాస్‌బుక్ ఇప్పించింది. ఖాళీ చెయ్యి ఒకటే అయినా రెండు రకాలుగా అనిపించడానికి కారణం, రెండోసారి నిర్ణయం ఆమెది కావడమే.

దీనికి రెండో ముఖం కూడా చూడాలి. సంఘంగా చేరడం ఎంత బలమిచ్చిందో, ఆ సంఘం మీదుగానే వచ్చిన సూక్ష్మరుణ సంస్థల అప్పులు అంత బరువయ్యాయి. వారం వారం వసూళ్ల ఒత్తిడి ప్రాణాల మీదికి రావడంతో 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. కలిసి కూడబెట్టిన తోటి ఆడవాళ్లే కిస్తీ కట్టలేదని గుమ్మం ముందు నిలబడాల్సిన పరిస్థితి. తోడు ఒక్కటే సరిపోదు, అందులో ఇష్టం ఉండాలి.

ఇష్టం, తోడు అయ్యాయి. ఇక మూడోది నేర్పు. డబ్బు పెట్టాల్సిన చోట చేతి పనితనం పెడితే లోటు కనిపించదు. బీరకాయ పొట్టు పచ్చడి చూడండి. కూరకు కాయ చెక్కుతాం. ముదురు ఈనెలు తీసేసి, మిగతా పొట్టు కాస్త నూనెలో పచ్చిమిరపకాయలతో కలిపి తడి ఇగిరి కరకరలాడేదాకా వేయించాలి. చింతపండు, ఉప్పు వేసి, మినప్పప్పు ఆవాల ఇంగువ పోపు కలిపి కచ్చాపచ్చాగా నూరితే వేడన్నంలోకి కూరకంటే ముందు అదే అయిపోతుంది. పారేసేది పారేయకుండా వండామన్న ఆలోచన తినేవాళ్లకి రానే రాదు. ఆనపకాయ చెక్కు, పుచ్చకాయ తొక్క లోపలి తెల్లభాగం, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ, ఇలా మన వంటింటి నేర్పులో సగం పొదుపు నుంచే పుట్టింది.

ఈ నేర్పు వంటింటితో ఆగదు. బౌద్ధ వినయ పిటకంలో ఉదయన మహారాజుకూ బుద్ధుడి శిష్యుడు ఆనందుడికీ జరిగిన సంభాషణ ఒకటుంది. రాణులు ఆనందుడికి ఐదు వందల వస్త్రాలిచ్చారు. ఇన్ని ఏం చేసుకుంటారని రాజు నిలదీశాడు. కట్టుకున్న చీవరాలు చిరిగిపోయిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవి? దుప్పట్లుగా. పాత దుప్పట్లు? పరుపు గలేబులుగా. అవి పాతబడితే కింద పరుచుకోవడానికి, ఆ తర్వాత కాళ్లు తుడుచుకోవడానికి, దుమ్ము దులపడానికి. చివరకు చీలికలై మట్టిలో కలిసి నేల అలకడానికి. రాజు సంతోషించి మరో ఐదు వందల వస్త్రాలిచ్చాడు. పాత నూలుచీర మన ఇళ్లలో పసివాడికి ఉయ్యాలయి, బొంతయి, చివరికి మసిగుడ్డయ్యే ప్రయాణమూ ఇదే. ఇందులో పిసినారితనం ఎక్కడా లేదు. పిసినారి వస్తువును తాకడానికి భయపడతాడు. ఇక్కడ వస్తువును దాని ఆఖరి పోగు దాకా వాడుకున్నారు, పైగా ముందు ఇతరులకు పంచారు.

ఇప్పటి చిక్కు వేరు. మన చేతిలోంచి డబ్బు పోతున్న సంగతే మనకు తెలియడం లేదు. 2016లో యూపీఐ వచ్చింది. అది గొప్ప సౌకర్యం, చిల్లర బాధ తీర్చింది. కానీ పర్సులోంచి నోటు తీసి ఇచ్చేటప్పుడు మనసు ఒక్క క్షణం ఆగేది, స్కాన్ చేసేటప్పుడు ఆగదు. దీనికి తోడు 'ఇంకా రెండే మిగిలాయి', 'ఆఫర్ ఈ రాత్రికే ఆఖరు' అంటూ ఫోను తొందరపెడుతుంది. అంతకు ముందు నిమిషం దాకా మనకు లేని కోరిక అది. దాన్ని మనలో పుట్టించి, తీర్చకపోతే లోటనిపించేలా చేయడానికి ఎందరో తెలివైనవాళ్లు జీతాలు తీసుకుని పనిచేస్తున్నారు.

దీనికి విరుగుడు మళ్లీ ఆ ఆగే క్షణాన్ని తెచ్చుకోవడమే. కొనాలనిపించినవి కాగితం మీద రాసి వారం ఆగితే, వారం తర్వాత సగం పేర్లు ఎందుకు రాశామో కూడా గుర్తుండదు. మిగిలినవి నిజంగా కావలసినవి, వాటిని తృప్తిగా కొనుక్కోవచ్చు. నెలాఖరుకు మిగిలితే దాద్దామనుకుంటే మిగిలేది ఉండదు. జీతం పడిన రోజే పక్కకు తీసేస్తే మిగిలినదానితో సర్దుకోవడం మనిషికి సహజంగానే వస్తుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు వంద రూపాయలతో కూడా మొదలవుతుంది, అయిదేళ్లు సాగుతుంది. కొత్త చింతపండు, ఎండుమిర్చి దిగిన రోజుల్లోనే ఏడాదికి సరిపడా తీసుకోవడం, కూరగాయలకు చీటీ రాసుకుని రైతు బజారుకు వెళ్లడం, వాడని సబ్‌స్క్రిప్షన్లు ఆపేయడం, పాడైన మిక్సీని బాగుచేయించడం, ఇవేవీ మన సంతోషం జోలికి రావు. రోజుకు నలభై రూపాయలు ఇలా తప్పించగలిగితే ఏడాదికి 14,600.

అయితే ఆ నలభై ఎక్కడ తప్పించాలో చూసుకోవాలి. సాయంత్రం స్నేహితుడితో ఇరానీ హోటల్లో తాగే చాయ్ మానేయమని నేను చెప్పను. అక్కడ కొనుక్కుంటున్నది ఓ గంట మనిషి తోడు. ఒంటరిగా, అలవాటుగా, రుచి కూడా గమనించకుండా తాగే మూడో కప్పు వేరు. ఖర్చుల్లో మనం ప్రేమించేవి కొన్ని, ఊరికే జరిగిపోయేవి కొన్ని. ఊరికే జరిగిపోయేవి తగ్గితే మనసుకు తెలియను కూడా తెలియదు. ప్రేమించేవి కోసేస్తే ఎంత మిగిలినా దరిద్రమే. సుఖమే జీవిత లక్ష్యమన్న గ్రీకు తాత్వికుడు ఎపిక్యూరస్ రొట్టె, నీళ్లతో సరిపెట్టుకునేవాడు. ఒక చిన్న కుండలో జున్ను పంపమని, కావాలనుకున్నప్పుడు విందు చేసుకుంటానని మిత్రుడికి రాశాడు. రోజూ తినడు కాబట్టే అది ఆయనకు విందైంది. గారెలు, బొబ్బట్లు పండగకే వండుకున్నంత కాలం మనకూ అంతే. బిర్యానీ పది నిమిషాల్లో ఎప్పుడంటే అప్పుడు గుమ్మం ముందుకొస్తే, ఆకలి తీరుతుంది కానీ పండగకు చోటుండదు.

ఇదంతా దాచుకోవడానికి కాస్తయినా ఉన్నవాళ్లకు. నెల తిరిగేసరికి అద్దె, మందులు, ఫీజులకే చెయ్యి ఖాళీ అయ్యే మనిషికి పొదుపు పాఠం చెప్పడం అవమానించడమే. అతనికి కావలసింది గిట్టుబాటు కూలి, పనిచేసే సర్కారు బడి, ఆసుపత్రి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లు ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. పనికి వెళ్లే ఆమెకు నెల బస్సు ఛార్జీ మిగలడం కంటే పెద్ద పొదుపు పాఠం ఏముంటుంది? ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. ఆ గ్రంథాలయం తలుపులు తెరిచి, కొత్త పుస్తకాలతో నిండి ఉంటే, పుస్తకం కొనలేని పిల్లాడు వందల పుస్తకాల యజమాని. నలుగురిదీ అయిన సొత్తు బాగుంటే ఒక్కొక్కరి లోటు అంత తగ్గుతుంది. అందుకే పొదుపు వ్యక్తి గుణమని మాత్రమే చెప్పి ఊరుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరి ఇంట్లో? కుటుంబ పొదుపు అని మనం మెచ్చుకునేదాంట్లో ఎంత భాగం ఒక్క మనిషి నోటి దగ్గరి ముద్ద? అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తిని, తనకు బాలేదని చెప్పక, కళ్లద్దాలు మార్చుకోవడం వచ్చే ఏటికి వాయిదా వేసుకున్న తల్లి ఆ లెక్కలో కనిపించదు. షోరూములో రాసిన ధర మారుమాట్లాడకుండా కట్టి, తోపుడుబండి దగ్గర ఆకుకూర కట్టకు అయిదు రూపాయలు తగ్గించమని పట్టుబట్టడం కూడా ఆదాగానే చలామణి అవుతోంది. ఇంట్లో పనిచేసే ఆమె సెలవు పెట్టిన రోజుకు జీతం కోయడమూ అంతే. మనకు తెలియని లోటు ఎక్కడో ఇంకొకరికి తెలుస్తోందంటే అది పోలేదు, చేయి మారిందంతే.

కాబట్టి నెలాఖరున లెక్క చూసుకునేటప్పుడు ఎంత మిగిలిందన్న ప్రశ్నతో పాటు, అది ఎవరి కంచంలోంచి వచ్చిందని కూడా అడగాలి. నా ఇష్టంతో, నా నేర్పుతో, నా కంచంలోంచే వచ్చిందని నిజాయితీగా చెప్పగలిగితే ఆ డబ్బు మీద నాకు పూర్తి హక్కుంది. నచ్చని ఉద్యోగానికి సెలవు చెప్పడానికి, ఆసుపత్రిలో ఉన్న స్నేహితుడికి అడగకముందే చేతిలో పెట్టడానికి, కూతురు ఏం చదువుతానంటే అది చదవమనడానికి అది పనికొస్తుంది. అంతటి స్వేచ్ఛ కోసం వదులుకున్న వస్తువును ఎవరూ లోటుగా తలచుకోరు.