ఆసుపత్రి వరుసలో జంగమము



దాసోహమనగానే మనకు అన్నసంతర్పణమే స్ఫురించును. మఠమున పంక్తి తీర్చి వడ్డించుట పుణ్యకార్యమే, కాదనువారు లేరు. కాని స్థావరముకంటె జంగమము అధికమని 12వ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుడు బోధించెను గదా! ఆ జంగమము మఠద్వారమునకు వచ్చినప్పుడే జంగమమా? సర్కారు ఆసుపత్రి వరండాలో తెల్లవారుజాము నుండి చీటీ పట్టుకొని నిలుచున్నప్పుడు కాదా?

ఆ వరుసను గూర్చి కొంచెము విచారింతము. మైదానప్రాంతమున 30,000 మందికి, కొండప్రాంతమున 20,000 మందికి ఒక్కొక్క ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ఉండవలెనని ప్రభుత్వ ప్రమాణము. కేంద్రమున్నంతమాత్రమున వైద్యుడున్నట్లు కాదు. పల్లెలో వైద్యుడు దొరకనివాడు తిన్నగా జిల్లా ఆసుపత్రికి పోవును. అందుచేత అచ్చట చిన్న జ్వరమును, పెద్ద జబ్బును ఒకే వరుసలో నిలుచును. చీటీకి ఒక వరుస, వైద్యునికి ఒకటి, రక్తపరీక్షకు ఒకటి, మందులకు మరియొకటి. పరీక్ష కాగితము చేతికందుసరికి ఓ.పి. వేళ ముగియును, "రేపు రండి" అందురు. కూలివానికి రేపనగా మరియొక దినపు కూలి, మరల బస్సు చార్జీ. రెండుమారులు తిరిగినవాడు మూడవమారు రాడు. జబ్బు మాత్రము ఆగదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఎందరికో పెద్ద శస్త్రచికిత్సలకు దారి చూపినమాట నిజమే, కాని ఓ.పి. వరండాలోని నిరీక్షణము వేరు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మీరెరిగినదే. మారయ్య కల్యాణమున రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చి, వానితోనే జంగమార్చన చేయుచుండెను. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, ఆ మహాతల్లి అంగీకరింపక, అధికమైనదానిని ఉన్నచోటనే ఉంచి రమ్మని భర్తను మరలించెను. ఈ కథను మనము ధనమునకే అన్వయించుకొందుము. వరుసలోని వంతునకు అన్వయింపరాదా? తెలిసిన గుమాస్తా చేతనో, నాయకుని ఫోను చేతనో సిఫారసు చేయించుకొని ముందుగా లోనికి పోవుట గౌరవమని మనలో చదువుకొన్నవారు కూడ తలంచుచున్నారు. అది ఇతరుల గింజలను మూటగట్టుకొనుట. పాముకాటు, గుండెనొప్పి, ప్రసవవేదన ముందు పోవలసినవే. ఆ నిర్ణయము వైద్యునిది, సిఫారసుది కాదు.

వైద్యమును కాయకమే. ఊపిరి సలుపనంతమందిని చూచు వైద్యుని నిందింపను. కాని సర్కారు వేళలో స్వంత దవాఖానాలో కూర్చుండువాని పూజలు, విభూతిరేఖలు నాకు నచ్చవు. ఖాళీ కొలువులు నింపవలసినది ప్రభుత్వము. దానికి అర్జీలు పెట్టుటకు మన సంఘములు వెనుదీయుట ఎందుకో!

సోమవారము మనకు శివపూజాదినము. ఆదివారము ఓ.పి. ఉండదు గావున, ఆసుపత్రికి అదే మిక్కిలి రద్దీదినము. ఆనాడు ప్రతి పట్టణమున మన యువకులు ఇద్దరేసి ఆసుపత్రి వాకిట నిలుచుట మంచిది. చదువురానివారికి చీటీ చదివి గది చూపవలెను. నిలువలేని ముదుసలిని బల్లపై కూర్చుండబెట్టి, ఆమె వంతున తాము నిలువవలెను. ఎవరిని ముందునకు త్రోయరాదు, మనవారినైనను. ఆసుపత్రి అధికారి అనుమతి మొదట పొందవలెను. ఒక కలము, తెల్లకాగితములు, మంచినీళ్ల కూజా వెంట నున్న చాలును.