అడపములోని కళ

వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలను లెక్కించుచు కేశమర్దనమందలి నేర్పును గూడ వానిలో జేర్చెను. అయినను క్షురకుని కళాకారుడని పిలుచుటకు మనకు నోరు రాదు. ఇది వృత్తి లోపమా, మన చూపు లోపమా? ఈ ప్రశ్ననే మేమిచట విచారింపదలచితిమి.

రాయచూరు జిల్లాలోని కల్మల ప్రాంతమున కన్నడము, తెలుగు ఇరుగుపొరుగు భాషలు. 1956 వరకు ఆ సీమ హైదరాబాదు రాష్ట్రములోనిది. తెలుగున అడపమనగా తాంబూలపు సంచి. మంగలి పొదియు నదే. కన్నడమున హడపమందురు. 12వ శతాబ్దమున బసవేశ్వరుని చెంత నుండిన హడపద అప్పణ్ణ వచనములు రచించెను. ఆయన భార్య లింగమ్మయు వచనకర్త్రియే. అచటి క్షురకవృత్తివారు నేటికిని అప్పణ్ణను తమవానిగా కొలుతురు. అడపము పట్టిన చేతికి వాక్కు అందరానిది కాదని ఇందువలన తేటపడుచున్నది.

నేర్పు వేరు, సృజన వేరు. కత్తి పదును, కత్తెర నడక, వ్రేళ్ల నిలుకడ అభ్యాసమువలన వచ్చును. సృజన చూపువలన వచ్చును. సుడి ఎటు తిరిగినది, నుదురు ఎంత విశాలము, వయస్సెంత, మోమున కేది యొప్పును, ఇవన్నియు కత్తెర కదలుటకు ముందే కనవలెను. సెల్‌ఫోనులో నటుని బొమ్మ జూపి "ఇట్లే చేయు" మనువానితో "నీ మోమున కది యొప్పదు, ఇట్లు చేసెద" నని చెప్పగలవాడే నేర్పరి. శిల్పి చెడిన రాతిని పారవేయవచ్చును. కవి తాళపత్రమును చింపవచ్చును. క్షురకుని తప్పును మాత్రము వేరొకడు నెలదినములు తలపై మోయవలెను. కావున ఈ కళలో స్వేచ్ఛతోపాటు బాధ్యతయు పుట్టినది.

పూర్వము కళ్లమునొద్ద కొలిచిన గింజలే అతని కూలి. పని చక్కనిదైనను కాకున్నను కొలత యొక్కటే. అట్టి యేర్పాటున సృజనకు ప్రోత్సాహ మేది? మెడను అతని కత్తి క్రింద నిర్భయముగా నుంచిన మనమే, అతనిని మన చాపపై కూర్చుండబెట్టుటకు సంకోచించితిమి.

అయితే మరియొక సత్యమును దాచరాదు. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినను, కొన్ని పల్లెలలో దళితుని తల ముట్టని అంగడులు నేటికిని కలవు. ఊరి పెద్దల యొత్తిడి కొంత, అలవాటు కొంత. కులమును జూచి తలను నిరాకరించిన చేయి తన కళనే నిరాకరించుకొనుచున్నది. ప్రతి తలను ప్రత్యేకముగా చూచుటయే సృజనయైనచో, చూడ నిరాకరించుటకంటె దానికి గొడ్డలిపెట్టు లేదు.

శాక్యుల క్షురకుడైన ఉపాలికి బుద్ధుడు రాకుమారులకంటె ముందు దీక్ష యిచ్చెనని బౌద్ధ గ్రంథములు చెప్పుచున్నవి. రాకుమారులు అతనికి నమస్కరింపవలసి వచ్చెను. పిదప రాజగృహ సంగీతియందు వినయమును వినిపించినవాడు ఆ ఉపాలియే.

వృత్తికి గౌరవము మన మీయవలెను. తలలన్నిటికి సమదృష్టి వృత్తి యీయవలెను. ఈ రెండును కలిసిననాడు అడపము నిజముగా కళకు నిలయమగును.